అష్టమి నాటి గీత

కొత్తగా మా సర్వే పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. టీ తాగుతారు, మా కాలంలో కొలత గొలుసు ఎలా లాగేవాళ్ళమో అడుగుతారు, వాళ్ళ చేతుల్లో ఉన్న కొత్త మెషిన్ల గొప్పలు చెబుతారు. లేచి వెళ్ళేముందు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని పని ఏది?" అడవిలో జలగల మధ్య చేసిన సర్వే గురించి చెబుతానని వాళ్ళ ఆశ. ఇన్నాళ్ళూ అదే చెబుతూ వచ్చాను. వాళ్ళు నవ్వుతారు, బండెక్కి వెళ్ళిపోతారు. అసలు మరిచిపోలేనిది ఇంకొకటి ఉంది. అది చెప్పాలంటే నా పరువు తీసి పక్కన పెట్టుకోవాలి. రిటైరైనవాడికి పరువుతో పెద్ద పనేముంటుంది గనక, ఇప్పుడు మీకు చెబుతున్నాను, పిల్లలూ.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్‌లో పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ వల వేశాడు. మా నాన్నా వేశాడు. మా ఇంట్లో వల పట్టని మొదటి మగవాణ్ణి నేనే. సర్కారు సర్వేయరునయ్యాను. ఆ సంగతి నేను మరిచిపోలేదు, చుట్టుపక్కల ఎవర్నీ మరిచిపోనివ్వలేదు కూడా. చేపల వాసన వస్తోందని అమ్మ చేతిలోంచి ఆఫీసు ఫైలు లాక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా పనిలో ఒక ముఖ్యమైన గీత ఉండేది. పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయో అక్కడ గీసే గీత. దానికి ఇవతల, కొంత దూరం వదిలి, ఇల్లు కట్టుకోవచ్చు. అవతల కట్టకూడదు. పెద్ద మ్యాపులు గీసేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు గానీ, స్థలం మీదికి వెళ్ళి "ఇదిగో ఇక్కడ" అని రాయి పాతి సంతకం పెట్టేది మాబోటి వాళ్ళమే. రాయి పాతాక అదే సత్యం. సముద్రం ఒప్పుకుందా లేదా అని ఎవరూ అడగరు.

సునామీ తర్వాత మా దక్షిణపు ఒడ్డున చాలా చోట్ల నేల కుంగిపోయింది. పొలాలు ఉప్పుకయ్యలయ్యాయి. కొబ్బరిచెట్లు నిలబడే చచ్చిపోయాయి, తలల్లేకుండా ఇప్పటికీ కొన్ని నీళ్ళలో నిలబడే ఉన్నాయి. అలాంటి ఒడ్డు ఒకటి, పోర్ట్‌బ్లెయిర్ నుంచి కారులో గంట దూరంలో ఉండేది. దాని మీద ఒక ఠేకేదారు కన్ను పడింది. కాంట్రాక్టరుని మా దగ్గర ఠేకేదారనే అంటారు. మనవాడే, ఇక్కడే పుట్టిన తెలుగువాడు. మెయిన్‌ల్యాండ్ వాళ్ళు సెలవులకి వచ్చి ఉండేలా ఒడ్డు మీద ఇల్లు కట్టి అద్దెకిస్తానన్నాడు. గీత కొలిచే పని నాకు పడింది.

రోజు అతనే ఎంచాడు. ఆ రోజు బుధవారం, అష్టమి.

పొద్దున అన్నం పెడుతూ అమ్మ అడిగింది. "అష్టమి నాడు కొలతలేటిరా? అష్టమి నీళ్ళు అబద్దాలాడతాయి."

"ముహూర్తం చూసుకుని గొలుసు లాగమంటావా అమ్మా?" అన్నాను. "సర్కారు పని అష్టమికీ ఆగదు, నవమికీ ఆగదు."

నాకు మూఢనమ్మకాలంటే ఒళ్ళుమంట. పిల్లి ఎదురొచ్చిందని ఆగేవాణ్ణి చూస్తే కావాలని పిల్లినే వెతుక్కుని బయల్దేరే రకం నేను. అమ్మ మాట కూడా అలాంటిదే అనుకున్నాను. ఆవిడ చెప్పింది శుభం గురించి కాదు, నీళ్ళ గురించి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎగదన్నుతుంది, అష్టమికి నీళ్ళు పడుకుంటాయి. ఆ ముక్క జంగ్లీఘాట్‌లో వల అల్లే ముసలమ్మలందరికీ తెలుసు. నాకూ చిన్నప్పుడు తెలుసు. చదువుకున్నాక అది పంచాంగం గొడవల్లో కలిసిపోయింది. పొట్టకోస్తే అక్షరమ్ముక్క రాదంటారు చూడండి, నా సంగతి తిరగబడింది. అక్షరాలన్నీ వచ్చి సముద్రం పోయింది.

ఆ రోజు నాతో వచ్చిన చైన్‌మన్ రాంచీ వైపు వాళ్ళ సంతతి. గొలుసు లాగడం, రాయి మోయడం, గొయ్యి తవ్వడం అతని పని. నాకంటే వయసులో పెద్దవాడు, అందరం దాదా అనేవాళ్ళం. సాయంత్రం నాలుగింటికి, పోటు వేళకి ఒడ్డు మీద నిలబడి, నీళ్ళకేసి చూసి ముఖం చిట్లించాడు.

"ఆజ్ పానీ సోయా హై, సాబ్." ఇవాళ నీళ్ళు నిద్రపోతున్నాయి సార్, అని.

"నువ్వు గొలుసు పట్టు దాదా, చాలు," అన్నాను.

ఒడ్డు శుభ్రంగా ఉంది. నాచు లేదు, పుల్లలు లేవు, ఎండుటాకు కూడా లేదు. సముద్రం ఎక్కడిదాకా వచ్చి వెళ్ళిందో ఆ చెత్త వరసే మాకు చెప్పాలి. అది లేకపోతే అనుమానం రావాలి. నాకు ముచ్చటేసింది. "ఇంత నీట్‌గా ఉన్న బీచ్ నేను చూడలేదు" అని ఠేకేదారుని మెచ్చుకున్నాను కూడా. ఇసక మీద సన్నని గీతలు, వరసగా, చీపురు గీతలు. దూరంగా ఒకావిడ చీపురు చేత్తో పట్టుకుని నిలబడి మమ్మల్నే చూస్తోంది. సంతకం పెట్టేటప్పుడు రెండడుగులు ముందుకొచ్చింది. మళ్ళీ ఆగిపోయింది.

ఒకటి మాత్రం చెప్పాలి, నేను లంచం తీసుకోలేదు. తీసుకునుంటే కనీసం దొంగనని ఒప్పుకుని తేలిగ్గా ఉండేవాణ్ణి. నేను తెలివైనవాణ్ణన్న ధీమాతో, నవ్వుతూ తప్పు చేశాను. దాదా గొయ్యి తవ్వి రాయి పాతాడు. "పెద్ద పోటు నీరు ఈ రాయి దాటి రాదు" అని రాసి కింద సంతకం చేశాను.

ఇల్లు లేచింది. నాలుగు గదులు, ముందు వరండా, నీలం కిటికీలు. వరండాలో కూర్చుంటే కాళ్ళ దగ్గరే సముద్రం. మొదటి ఏడాది నుంచే ఆ ఇంటి పేరు మోగిపోయింది. అబర్డీన్ బజార్‌లో టీ దుకాణం దగ్గర ట్యాక్సీ డ్రైవర్లు అదే మాట: "ఆ ఇంట్లో రూమా? నా మాట విని మర్చిపో భయ్యా. బారా మహీనా ఫుల్." పన్నెండు నెలలూ ఖాళీ లేదట.

మీకు తెలుసు కదా, మా దీవుల్లో వర్షాలు మొదలైతే పడవలు ఆగిపోతాయి, హోటళ్ళలో దోమలు తప్ప ఎవరూ ఉండరు. అలాంటి నెలల్లో కూడా ఆ ఇల్లు ఫుల్లే. ఎండ కాసే సముద్రపు ఒడ్డున ఇంటికి ఏడాది పొడుగునా అంత గిరాకీ ఎలా నిలబడుతుందో నాకు అంతుపట్టేది కాదు. నాకు తోచిన సిద్ధాంతం నేను చెప్పేవాణ్ణి. మనిషి ఇంటికి డబ్బివ్వడు, తాను పని చెయ్యక్కర్లేని ఒక రోజుకి ఇస్తాడు, ఆ రోజు మీద ఆశ ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకటే అని. టీ దుకాణంలో అందరూ తలూపేవాళ్ళు. "ఆ ఇంటి గీత నేనే గీశాను" అని చివర్లో ఒక ముక్క కలిపేవాణ్ణి. సిగ్గులేని జన్మ.

ఏళ్ళు గడిచాయి. అమ్మ పోయింది. నేను షాదీపూర్‌లో, గుట్ట మీద చిన్న ఇల్లు కట్టుకున్నాను. రిటైర్మెంట్‌కి ఎనిమిది నెలలు ఉందనగా నా టేబుల్ మీదికి ఒక ఫైలు వచ్చింది. అదే ఠేకేదారు. అదే ఒడ్డు. అదే గీత మీద ఇంకో ఎనిమిది ఇళ్ళు కట్టి, ఈసారి మెయిన్‌ల్యాండ్ వాళ్ళకి అమ్ముతానని దరఖాస్తు. గిరాకీ ఉందనడానికి రుజువుగా పాత ఇంట్లో ఏ రోజు ఎవరు దిగారో చూపించే కాగితాలు పెట్టాడు. ఒక్క రోజు ఖాళీ లేదు.

మధ్యాహ్నం భోజనం చేసి ఊరికే తిరగేస్తున్నాను. ప్రతి రోజుకీ ఎదురుగా దిగినవాళ్ళ ఊరు రాసి ఉంది. హైదరాబాద్, పూణె, కలకత్తా. మధ్యలో కొన్ని రోజులకి ఊరు లేదు. "ఫుల్" అని మాత్రమే ఉంది. మూడు నాలుగు రోజులు అలా. మళ్ళీ ఊళ్ళు. మళ్ళీ పదిహేను రోజులకి మూడు నాలుగు రోజులు, ఊరూ పేరూ లేకుండా, ఫుల్.

ఎవరు వీళ్ళు? పదిహేను రోజులకోసారి వచ్చి, నాలుగు గదులూ తీసుకుని, పేరు చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు?

ఆఫీసు గోడ మీద తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. ఎందుకు లేచానో తెలియదు, లేచి వెళ్ళి నెల నెలా పక్కన పెట్టి చూశాను. పౌర్ణమి. అమావాస్య. పౌర్ణమి. అమావాస్య. ఒక్కటి కూడా తప్పలేదు. ఫ్యాను కింద నిలబడి ఉన్నా నా వీపంతా చెమట పట్టింది. ఎదురు బల్ల గుమాస్తా "ఏంటి సార్, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

పౌర్ణమి కంటే పౌర్ణమి మర్నాటి పోటు పెద్దది. ఆ సంగతి ఈసారి గుర్తుంది. ఠేకేదారుకి చెప్పకుండా, తర్వాత వచ్చిన పౌర్ణమి మర్నాడు ఉదయం దాదాని తీసుకుని బయల్దేరాను. అతనూ ఆ ఏడాదే రిటైరవ్వాలి. బండిలో కొత్త రాయి ఒకటి వేసుకున్నాం.

చేరేసరికి తొమ్మిదిన్నర. బండి రోడ్డు మీద ఆపి, దాదా రాయి భుజానికెత్తుకున్నాక నడిచాం. మంచి ఎండ. మబ్బు తునక లేదు, గాలి లేదు, అల లేదు. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. దాదా ఆగిపోయాడు.

"చిడియా కహాఁ గయీ, సాబ్?" పిట్టలేవీ, అని.

నిజమే. దారంతా అరిచిన పిట్టలు ఇక్కడ ఒక్కటి లేదు. గేటుకి "ఫుల్" అని రాసిన అట్ట కట్టి ఉంది. లోపల కారు లేదు, తాడు మీద ఒక్క తువ్వాలు లేదు. వరండా మెట్ల మీద చిన్న చిన్న పీతలు పైకి ఎక్కుతున్నాయి. పీతలు మనిషిని చూస్తే పారిపోవాలి. ఇవి మా కాళ్ళ పక్కనుంచి, తొందర లేకుండా, పైకే ఎక్కుతున్నాయి.

వరండాలో ఒకావిడ గడప కడిగి ముగ్గు వేస్తోంది. చీపురు పట్టుకుని నిలబడినావిడే. జుట్టు నెరిసింది.

"ఎవరైనా వస్తున్నారా అమ్మా?" అని అడిగాను.

"ఆయనే బాబూ. ఇంకో పావుగంటలో ఒచ్చేస్తాడు," అంటూ ముగ్గు చేత్తోనే సముద్రం వైపు చూపించింది. మా ఆడవాళ్ళు మొగుణ్ణి అనే ఆ "ఆయన" ఆవిడ నోట సముద్రానికి ఎలా వచ్చిందో నాకు అప్పుడు తెలియదు. తర్వాత ఆవిడే చెప్పింది. వాళ్ళాయన పడవ ఇంజన్ల మెకానిక్. సునామీ రోజు పొద్దున జెట్టీకని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. వాళ్ళ పొలం ఈ ఒడ్డుకి పక్కనే ఉండేది, అదీ కుంగిపోయింది. ఇల్లు చూసుకుంటే వెనక గదిలో ఉండనిస్తానని ఠేకేదారు అన్నాడట. అప్పట్నుంచీ ఇక్కడే.

నన్ను ఎగాదిగా చూసి గుర్తుపట్టింది. "గీత గీసిన బాబు కదా మీరు! రండి, రండి. సెప్పులు చేత్తో పట్టుకుని మంచం ఎక్కీయండి. టైమైపోతంది."

లోపల కొత్త రంగు వాసన గుప్పుమంది. ఇల్లంతా నిన్ననే వేసినంత తెల్లగా ఉంది. స్విచ్ బోర్డులన్నీ నా గుండె ఎత్తున బిగించి ఉన్నాయి. నేల మీద ఒక్క వస్తువు లేదు. బట్టలూ పరుపులూ చెంబులూ అన్నీ మేకులకి వేలాడుతున్నాయి. ఆవిడ గదిలో మంచం కోళ్ళ కింద ఒక్కో దానికి మూడేసి ఇటుకలు. గోడ మీద తెలుగు క్యాలెండరు, పౌర్ణమి అమావాస్యలకి ఎర్ర సున్నాలు.

మొదట స్నానాల గది తూములో గుడగుడమంది. ఎవరో నోట్లో నీళ్ళు పుక్కిలించినట్టు. తర్వాత నేల పలకల సందులు నల్లబడ్డాయి. నేను గుమ్మం వైపు చూస్తున్నాను, అల వస్తుందని. అల రాలేదు. నీళ్ళు నేల లోంచి వచ్చాయి, తర్వాత మెట్లెక్కి వచ్చాయి, చప్పుడు లేకుండా. ముగ్గు కాసేపు చెదరకుండా నీళ్ళ మీద తేలింది. తర్వాత మెల్లగా విడిపోయింది. ఎండ నీళ్ళలో పడి పైకప్పు అంతా వెలుగు వలలా కదులుతోంది. వేలెడంత చేపలు తలుపు దాటి లోపలికి వచ్చి, మంచం కిందికి వెళ్ళాయి. ముగ్గురం మంచం మీద కాళ్ళు ముడుచుకుని, ఫెర్రీ కోసం జెట్టీలో కూర్చున్నవాళ్ళలా కూర్చున్నాం.

"రెండో ఇటుక దాకా ఒచ్చేవాడు ముందు," అంది ఆవిడ. "రెండేళ్ళనాడు మూడోది పెట్టాను. నాలుగోది పెడితే నాకు మంచం ఎక్కడం రాదు బాబూ, నిచ్చెన కావాల." తన మాటకి తనే నవ్వింది.

"రాత్రి పోటుకో?" అన్నాను.

"రాత్రీ ఇంతే. పడుకునే ఉంటాను. కింద తిరుగుతా ఉంటాడు."

"మరి ఇక్కడ దిగేవాళ్ళు?"

"ఆళ్ళు మూడు రోజులుంటారు, ఎల్లిపోతారు. ఎర్ర సున్నా రోజుల్లో ఎవుల్నీ రానివ్వం. ఫోన్‌లో ఫుల్ అనేస్తారు. ఫుల్ అంటే ఇంకా కావాలంటారంట. ఆయన ఎల్లాక కడుగుతాను, మరక కనబడకండా రంగేస్తాను. పదిహేను రోజులకోసారి రంగు. ఒచ్చినోళ్ళంతా అబ్బా ఎంత కొత్తగుంది దీదీ అంటారు."

ఇన్నాళ్ళూ టీ దుకాణంలో నేను విప్పిన సిద్ధాంతాలన్నీ ఆ నీళ్ళలో కొట్టుకుపోయాయి. దొరకనిదానికి గిరాకీ పెరుగుతుంది. మూడు రోజులు ఉండేవాడికి సముద్రం రెండో ముఖం కనబడదు. అంతే ఆ రహస్యం. కాగితం మీద ఆ రోజులు ఫుల్ అని రాయడం అబద్ధం కూడా కాదు. ఆ రోజుల్లో ఇల్లు నిజంగానే ఖాళీ లేదు.

పదింబావుకి నీళ్ళు నిలబడ్డాయి. ఎక్కవు, దిగవు. ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో పక్క గది తలుపు లోపల్నుంచి ఎవరో తట్టారు. టక్, టక్, టక్. కాస్త ఆగి, మళ్ళీ మూడుసార్లు. పక్క గదికి బయట నుంచి తాళం వేసి ఉంది. దాదా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, అడవిలో పాము మీంచి దాటి నడిచినవాడు.

"కొబ్బరికాయ బాబూ," అంది ఆవిడ మామూలుగా. "ఏ కన్నంలోంచి దూరతాదో ఏమో. ప్రతిసారీ అదే కాయ. ఎంత దూరం ఇసిరినా ఒచ్చేస్తాది. ఇంక ఇసరడం మానేసినాను."

అదే కాయని ఎలా తెలుసని నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

నీళ్ళు దిగడం మొదలయ్యాక నేను మంచం దిగాను. పిక్కల దాకా చల్లగా తగిలాయి. ఏం చెయ్యాలో నాకు తెలుసు, ఆవిడకీ తెలిసింది. గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆ రోజు సెప్దామనే ఒచ్చినాను బాబూ. చెత్తంతా ఆ ఠేకేదారు నాచేతే ఊడిపించినాడు. మీరు నవ్వుతా సంతకం పెట్టేస్తన్నారు, నోరు రాలేదు. ఇప్పుడు సెప్తన్నాను ఇనండి. ఆ ఎనిమిదిళ్ళూ వద్దని రాసీయండి, మంచిదే. ఈ ఇంటిని ఒగ్గీయండి. ఇది పోతే నాకింకోటి లేదు. ఈ గీత మీరు జరిపితే, నానెక్కడికి జరగాల?"

నిజం చెబుతున్నాను, నేను ఆగిపోయాను. ఎనిమిది నెలల సర్వీసు. కొత్త ఇళ్ళకి వద్దని ఏదో సాకు రాసి, పాత గీత జోలికి పోకుండా వదిలెయ్యొచ్చు. నా తప్పు బయటపడదు, ఆవిడ గది ఆవిడకుంటుంది. ఎవరికీ నష్టం లేదు అని నా తెలివి నాకు చెప్పింది. అదే తెలివి. అష్టమి నాడు పనిచేసిన తెలివే. ఏదో ఒక ఏడు నీళ్ళు ఇటుకలన్నీ దాటి మంచం దాకా వస్తాయి, ఆ రాత్రి ఈవిడ మంచం మీద పడుకునే ఉంటుంది. ఆ సంగతి కూడా నాకు తెలుసు.

దాదాకేసి చూశాను, ఏమైనా అంటాడేమోనని. అతను కొత్త రాయిని భుజాన పెట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

"భారీ హై సాబ్. జల్దీ బతాయియే, కహాఁ." బరువుగా ఉంది, ఎక్కడో తొందరగా చెప్పండి అని.

నేను ఆవిడ పక్క నుంచి దాటుకుని వెళ్ళాను. తడి అంచు వెంట నడుచుకుంటూ పోయాం. ఇల్లు దాటింది, వెనక బావి దాటింది, వక్కచెట్లు దాటింది. రోడ్డుకి పాతిక అడుగుల దగ్గర తడి ఆగింది. అక్కడ తవ్వమన్నాను. రాయి పాతేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు, ఏడవలేదు. బకెట్టూ గుడ్డా తెచ్చుకుని గోడ కడుగుతోంది.

రిపోర్టులో "మొదటి గీత తప్పు, అది నేనే గీశాను" అని రాశాను. మర్నాడే ఠేకేదారు ఆఫీసుకి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"ఏం భయ్యా, ముసలితనంలో ఈ సత్యహరిశ్చంద్రుడేంటి? నా కాగితాల మీద ఉంది మీ సంతకమే."

"ఇంట్లోకి సముద్రం వస్తోందయ్యా! మనుషులుంటారయ్యా అందులో!"

"మూడు రోజుల కోసం వచ్చినోళ్ళకి పదిహేను రోజుల సముద్రం ఎందుకు భయ్యా?" అన్నాడు. "ఎండ కావాలి, ఎండ చూపించాను. మీ నాన్నా మా నాన్నా ఒకే వల లాగారు. తిథులు నాకు గుర్తున్నాయి, మీకు లేవు. అది నా తప్పా?"

అతను లేచి వెళ్ళాక రిపోర్టుని పై ఆఫీసుకి పంపించేశాను.

ఎంక్వయిరీ జరిగింది, నా పెన్షన్ కొన్నాళ్ళు ఆగింది. అది నాకు తగిందే. ఇల్లు మూయించారు. ఠేకేదారుకి పెద్ద బాధేం కలగలేదు. నేను పాతిన కొత్త రాయి వెనక, రోడ్డు అవతలి స్థలం కొన్నాడు. వచ్చినవాళ్ళకి ఆ రాయి చూపించి, "దీనికి ముందు ఇంకెవరూ కట్టడానికి వీల్లేదు, మీ సముద్రానికి జన్మలో అడ్డం రాదు" అని ప్లాట్లు అమ్ముతున్నాడట. నా నిజాయితీకి కూడా గిరాకీ ఉంటుందని నాకేం తెలుసు! వినగానే కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ రాత్రి అన్నం మాత్రం సయించలేదు.

ఇల్లు మూసిన నెలకి ఒక సాయంత్రం ఆవిడ షాదీపూర్‌లో మా గుమ్మం ముందు నిలబడింది. చేతిలో ఒక సంచి, చంకలో క్యాలెండరు.

"గీత మీరే గీసినారు కదా బాబూ. ఏ పక్కనుండాలో మీరే సెప్పండి," అంది.

మా ఆవిడ నాకేసి ఒక్క చూపు చూసి, వెనక గది తలుపు తీసింది. రెండేళ్ళయింది. ఇద్దరూ కలిసి ఆవకాయ పెడతారు, నా మీద జోకులేసుకుంటారు. ఇల్లు నాకంటే ఆ వచ్చినావిడకే ఎక్కువ అలవాటైంది.

కానీ పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, అమావాస్య వెళ్ళిన మర్నాడు, ఉదయం తొమ్మిదిన్నరకి ఆవిడ గడప కడిగి ముగ్గు వేస్తుంది. చెప్పులు, చాప, పప్పు డబ్బాలు, చివరికి మా ఆవిడ కుట్టు మెషిన్ పాదాల దగ్గర పెట్టిన గుడ్డ ముక్కలు కూడా ఏరి పైన పెడుతుంది. మంచమెక్కి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. పదకొండు దాటాక దిగి, పొడి నేలని గుడ్డతో తుడుస్తుంది. మొదటిసారి మా ఆవిడ నవ్వింది. రెండోసారి నవ్వలేదు. ఇప్పుడు ఆ రోజుల్లో కుట్టు మెషిన్ తనే ముందుగా బల్ల మీదికి ఎక్కించేస్తోంది.

మొన్న నాకు ఓపిక నశించింది. పిల్లలూ, మీకు తెలుసుగా నా కోపం. మంచం ముందు నిలబడి అరిచాను. "ఇది గుట్టమ్మా! షాదీపూర్ గుట్ట! సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ? ఇన్నేళ్ళు కొలతలు కొలిచినవాణ్ణి, నేను చెబుతున్నాను. ఇక్కడికి రాదు. రానే రాదు!"

ఆవిడకి కోపం రాలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిదానంగా అంది.

"అక్కడా రాదనే కదా బాబూ రాసిచ్చినారు."

తర్వాత మంచం మీద కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది. నేను చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, పైకెక్కి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.